ఇరవై మూడో నంబరు క్యారేజీ

పోయిన సోమవారం తొమ్మిదో తరగతిలో హాజరు పిలుస్తుంటే పదిహేడో నంబరు దగ్గర నలుగురు దగ్గారు. పామర్రు దాటి చల్లపల్లి వెళ్లే దారిలో ఉన్న ఈ బడిలో నేను మాస్టారుగా చేరి పది రోజులైంది. పిల్లలకు జలుబు చేసిందనుకోవచ్చు. కానీ జలుబుకి అంకెలు రావు. పదహారు దాకా ఓపిక పట్టి, పదిహేడుకి పట్టుకుని, పద్దెనిమిదికి నయమైపోయే దగ్గుని ఏ డాక్టరూ చూసి ఉండడు. తలెత్తాను. కిటికీ పక్కన సన్నటి కుర్రాడొకడు బల్ల మీద గీతలు లెక్కపెడుతున్నట్టు తల దించుకుని ఉన్నాడు. ‘ఉన్నానండి’ అన్న మాట వాడి పెదాల దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. తరగతి ముసిముసిగా నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. అలవాటు. చెమట తుడుచుకుందామని జేబులోంచి కర్చీఫు తీశాను. అది మొహం దాకా వెళ్లకుండా సగంలో ఆగిపోయింది.

నాకింకా పాతికేళ్లు నిండలేదు. ఈ వయసులో జ్ఞాపకాలు రాసుకోవడం, పళ్లు రాని పిల్లాడు పళ్లూడాయని ఏడ్చినట్టుంటుందని మా అన్నయ్య అంటాడు. వాడన్నది నిజమే కావచ్చు. కానీ ఆ కర్చీఫు నన్ను తొమ్మిదేళ్లు వెనక్కి, బెజవాడలో నేను తొమ్మిదో తరగతి చదివిన గదిలోకి, వెనక కిటికీ కింద వరసగా పెట్టిన క్యారేజీల దగ్గరికి లాక్కుపోయింది.

క్యారేజీల సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో మా పల్లెటూళ్ల నుంచి బెజవాడ వచ్చి చదువుకునే పిల్లలం గదులు తీసుకుని ఉండేవాళ్లం. నేను కాలేజీలో చదివే మా అన్నయ్యతో ఒక గదిలో ఉండేవాణ్ని. వంట మాకు రాదు. హోటలు భోజనం మా అమ్మకి నచ్చదు. అందుకని ఇంటి దగ్గర తెల్లవారుజామునే వండి, మూడు గిన్నెల క్యారేజీలో సర్ది, పొద్దున మొదటి బస్సుకి అందించేవారు. తొమ్మిదికల్లా బస్సు బెజవాడ బస్టాండులో ఆగేది. మనుషుల కన్నా ముందు క్యారేజీలు దిగేవి. అన్నీ ఒకే కంచరి చేసినట్టుండేవి కాబట్టి ప్రతి ఇంటికీ ఒక గుర్తు. మాది ఆకుపచ్చ చీర అంచు పీలిక. దాన్ని చూడగానే మా అమ్మ కనబడేది. బడి గంట కొట్టేలోపు క్యారేజీ తెచ్చుకుని కిటికీ కింద పెట్టుకోవడం, మధ్యాహ్నం తినడం, కడిగిన గిన్నెలు సాయంత్రం బస్సుకి తిరిగి అప్పగించడం. ఈ ఏర్పాటు ఒక్క రోజు కూడా తప్పేది కాదు. ఆ శ్రద్ధ చదువులో ఉంటే మాలో సగం మంది కలెక్టర్లయ్యేవాళ్లం.

మా బస్సులోనే ఇంకో క్యారేజీ వచ్చేది. దానికి నీలం రంగు వల దారం చుట్టి ఉండేది. అది మా తరగతిలో ఇరవై మూడో నంబరుది. వాడి పేరు ఇక్కడ రాయను. అసలు మాస్టార్లు కూడా పేర్లతో పిలిచేవారు కాదు, అందరం అంకెలమే. వాడు ఇరవై మూడు, నేను ఇరవై నాలుగు. వాళ్లది చల్లపల్లి దాటి సముద్రం వైపు ఊరు. వాళ్ల నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపలు అమ్మేది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మేనమామ గదిలో ఉండి చదువుకునేవాడు. నెమ్మదస్తుడు. లెక్కల్లో నాకన్నా నయం. అంటే పెద్ద గొప్పేం కాదు, మా బడి గోడలు కూడా లెక్కల్లో నాకన్నా నయమే. నా ప్రతిభంతా నోట్లో ఉండేది. ఎవరేమన్నా మాటకి మాట అంటించి నవ్వించడమే నా ఉద్యోగం. బక్కగా, పొట్టిగా ఉండేవాణ్ని. వెనక బెంచీలో రెండుసార్లు తప్పిన ఒక భారీ మనిషి ఉండేవాడు. అతని చేతి కింద నలుగురు. వాళ్లు నన్ను కొట్టకుండా ఉండటానికి కారణం నా జోకులేనని నాకు తెలుసు. కోతి ఆడినంత కాలం కోతిని ఎవరూ కొట్టరు.

మేం కతోలికులం. శుక్రవారం మాంసం ముట్టకూడదు. రోములో ఆ నియమం సడలించారని గుడిలో ఫాదర్ గారు చెప్పినా, రోము వేరు, మా వంటిల్లు వేరు అనేది మా నాయనమ్మ. మాంసం కూడదంది గానీ చేప కూడదనలేదు కాబట్టి మా ఇంట్లో ఉపవాసం రోజున కొరమేను పులుసు ఘుమఘుమలాడేది. అంత రుచిగా పాపపరిహారం చేసుకునే కుటుంబం ఇంకోటి ఉండదు. ఆ పులుసు శుక్రవారం క్యారేజీలో నాకూ వచ్చేది.

అలాంటి ఒక శుక్రవారం మూడో పీరియడులో లెక్కల మాస్టారు నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ ఆగి, గాలి పీల్చి, జేబులోంచి కర్చీఫు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. “ఏవిట్రా ఈ కంపు? ఎవరిదది?” అన్నారు. అందరూ వెనక్కి తిరిగారు. కిటికీ కింద రెండు క్యారేజీలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ పీలిక, ఒకటి నీలం దారం. బస్సు కుదుపుకి నా పై గిన్నె మూత జారినట్టుంది. పులుసు ఎర్రగా కారి, నేల వాటంగా ఉండబట్టి పక్కదాని కిందికి చేరి అక్కడ మడుగు కట్టింది. మాస్టారు కర్ర వైపు చూశారు. వెనక బెంచీ నా వైపు చూసింది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ మడుగు ఎక్కడి నుంచి మొదలైందో ఎవడో ఒకడు చూస్తాడు. ఏం చెయ్యాలో నేను ఆలోచించలేదు. నోరు ఆలోచించేసింది.

“ఇరవై మూడు వాళ్ల ఇల్లు సముద్రం పక్కనే కదండీ. దిగులేసి దాన్ని కూడా బస్సెక్కించి తెచ్చుకున్నాడండీ,” అన్నాను.

తరగతి పగలబడి నవ్వింది. మాస్టారు కర్చీఫు వెనక నవ్వారు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది. ఆ తర్వాత, “బయట పెట్టిరా పోరా,” అన్నారు వాడితో. ఇరవై మూడు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. వంగి రెండు క్యారేజీలనీ చూశాడు. నా వైపు చూశాడు. తన క్యారేజీ తీసుకుని వరండాలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. వాసన మాత్రం గదిలోనే ఉంది. దాని గురించి ఎవరూ మళ్లీ అడగలేదు. నేరం రుజువయ్యాక సాక్ష్యంతో పనేముంది!

మర్నాడు హాజరులో “ఇరవై మూడు” అనగానే వెనక బెంచీ భారీ మనిషి కర్చీఫు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. సోమవారం నలుగురు, బుధవారం సగం తరగతి. కర్చీఫు లేనివాళ్లు చొక్కా కొస ఎత్తేవారు. వారం తిరక్కుండానే వాడి నంబరు కూడా పోయి ‘సముద్రం’ అనే పేరు స్థిరపడింది. “సముద్రం వచ్చిందిరోయ్, లుంగీలు పైకెత్తండి!” అని మెట్ల మీద అరిచేవారు. వాడి బెంచీలో వాళ్లు జరిగి జరిగి చివరికి వాడికొక బెంచీ సొంతమైంది. మంచినీళ్ల కుండ దగ్గర వాడు ముంచిన గ్లాసుని కాలితో పక్కకి నెట్టేవారు. వాడి పుస్తకాల సంచీలో చేప ముళ్లు వేసేవారు. ఆ ముళ్లు తేవడానికి వాళ్ల ఇళ్లల్లో చేపలు తినాలి కదా అని ఎవరికీ తట్టలేదు. తట్టినవాణ్ని నేనొక్కణ్నే. నేనేం మాట్లాడగలను? రోజూ పొద్దున భారీ మనిషి నా మెడ మీద చెయ్యేసి, “ఇవాళ కొత్తదేవిట్రా?” అనేవాడు. నా చేతే మొదలైన దుకాణానికి సరుకు నేనే ఇవ్వాలి. ఇచ్చేవాణ్ని.

నా గతి మాత్రం బాగుందా అంటే, అదీ లేదు. గురువారం సాయంత్రం నుంచే నాకు శుక్రవారం క్యారేజీ గుర్తొచ్చేది. చేప పంపొద్దు, పప్పు చాలు అని ఇంటికి కార్డు రాశాను. పట్నంలో తిండి లేక పిల్లాడికి ఆకలి చచ్చిపోయిందని నాయనమ్మ కంగారుపడి ఇంకో రెండు ముక్కలు ఎక్కువ వేసి పంపింది. ఇంక దారి లేక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే బస్టాండు వెనక గోడ చాటున కూర్చుని మధ్యాహ్న భోజనం మొత్తం తినేసి, గిన్నెలు మూడుసార్లు తోమి, చేతులు వేపాకుతో రుద్దుకుని బడికి వెళ్లేవాణ్ని. మొదటి పీరియడంతా త్రేన్పు రాకుండా ఊపిరి బిగబట్టడంలోనే గడిచిపోయేది. అలా ఎన్ని శుక్రవారాలు పాపపరిహారం చేసుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఒక మధ్యాహ్నం ఇరవై మూడు క్యారేజీ పట్టుకుని కాలువ వైపు పోవడం చూశాను. ఎందుకో వెంట వెళ్లాను. వాడు రేవు మెట్ల మీద కూర్చుని, మూతలు తీసి, అన్నం పిడికిళ్లతో నీళ్లలోకి వదిలాడు. తర్వాత కూర. అంతా అయ్యాక గిన్నెలు ఒక్కొక్కటే కడిగి, తుడిచి, ఎండలో పెట్టి, మోకాళ్ల మీద గడ్డం ఆనించి నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. తినకపోయినా ఇంటికి ఖాళీ గిన్నెలు వెళ్లాలి. నిండు గిన్నెలు వెళ్తే అమ్మ అడుగుతుంది. ‘చేపలకి భోజనాలు’ అని ఒక జోకు నా నాలిక చివరికి వచ్చింది. దాన్ని మింగేశాను. నేను మింగిన మొట్టమొదటి జోకు అది. చేప ముల్లులాగే గొంతులో అడ్డం పడింది.

వాడు రోజురోజుకీ చిక్కిపోయాడు. మేనమామ నులిపురుగులేమోనని మందు పోయించాడు. డ్రిల్లు మాస్టారు గుంజీళ్లు తీయమన్నారు. మనాది పట్టిందని బడి బయట సోడాలు అమ్మే మామ్మ అంది. ఆవిడొక్కర్తే ఏ పరీక్షా పాసవకుండా సరిగ్గా చెప్పింది. హాజరుకి పలకడం కూడా మానేశాడు. “ఇరవై మూడు” అంటారు, కర్చీఫులు లేస్తాయి, వాడు పలకడు. రిజిస్టరులోంచి తల ఎత్తే అలవాటు లేని మా మాస్టారు ఆబ్సెంటు వేసేస్తారు. ఎదురుగా బెంచీలో కూర్చుని ఉన్నవాడు రిజిస్టరు లెక్కన పన్నెండు రోజులు బడికి రాకుండా పోయాడు. దాంతో ఆఫీసు వాళ్లు, మీ అబ్బాయి బడికి రావడం లేదు అని ఇంటికి కార్డు రాశారు.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున నేను గోడ చాటున నా ప్రాయశ్చిత్తం సగంలో ఉండగా ఒకామె వచ్చి నిలబడింది. తడి ఆరని జుట్టు, చేతిలో క్యారేజీ, దానికి నీలం దారం.

“బాబూ, నువ్వు మా బస్సు క్యారేజీ పిల్లాడివే కదా నాయనా? మావోడు బడికి రాట్లేదని కార్డొచ్చింది. రోజూ గిన్నెలు కాళీగానే వస్తన్నాయ్, తింటన్నాడనుకున్నా. ఇయాళ క్యారేజీకి కూడా రాలా. ఏడకి పోతన్నాడో నీకేవన్నా తెలుసా?”

నా నోట్లో ముద్ద ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. ఆవిడ నా గిన్నెలోకి చూసింది. ఆ కంగారులో కూడా ఆమె కళ్లు చేపని గుర్తుపట్టాయి.

“కొరమేనా? తిను నాయనా, తిను. మావోడికి చేపంటే పేణం. ఒక్కనాడూ పంపలా నేను. బస్తీ పిల్లలు ఏవన్నా అంటారేవోనని పప్పూ, పచ్చడీ అంతే.”

ఒక్కనాడూ పంపలేదు. ఆ మాట విన్నాక కూడా నేను బతికే ఉన్నాను కాబట్టి సిగ్గుతో ఎవరూ చావరని నాకు ఆ రోజే తెలిసింది. గిన్నె అక్కడే వదిలేసి లేచాను. “రండి, నాకు తెలుసు,” అన్నాను. కాలువ వైపు నడిచాం. నడిచాం అంటున్నాను గానీ నేను పరిగెత్తాను, ఆవిడ నా వెనకే పరిగెత్తింది. రేవు మెట్ల మీద ఎవరూ లేరు. ఆఖరి మెట్టు మీద ఒక జత చెప్పులు ఉన్నాయి. నీళ్లు ఎర్రగా, సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. ఆవిడ కూడా చెప్పుల్ని చూసింది. క్యారేజీని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. నాకు ఏ ప్రార్థనా గుర్తు రాలేదు. “నేనే సార్, నేనే సార్” అని మాత్రం మనసులో అనుకుంటున్నాను. ఇంతలో వెనక నుంచి ఒక పెద్దాయన తడి పంచె పిండుకుంటూ వచ్చి, “చెప్పుల మీద కన్నేశావేంట్రా? తప్పుకో,” అని వాటిలో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు. నా జీవితంలో అంత అందమైన పాదాలు మళ్లీ చూడలేదు.

వాడు దొరికింది బస్టాండులో. ఆవిడ వచ్చిన బస్సులోనే. ఆవిడ ముందు నుంచి దిగి క్యారేజీల దగ్గర వెతుకుతుంటే, వీడు వెనక నుంచి ఎక్కి ఆఖరి సీటులో తల వంచుకుని కూర్చున్నాడు, ఇంటికి పోదామని. ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది. కేకల్లేవు, ఏడుపుల్లేవు. క్యారేజీ విప్పి, గోంగూర పప్పు కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. ఇంత పొడుగు కుర్రాడు అందరిముందూ నోరు తెరిచాడు. కండక్టరు ఏదో అనబోయి, టిక్కెట్ల పెట్టె సర్దుకున్నాడు. నాలుగు ముద్దలయ్యాక ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి దిగింది. నేను సీటు కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను.

“ఆ రోజు కారింది నాదిరా,” అన్నాను.

“తెలుసు. నాదాంట్లో గోంగూర.”

“మరి చెప్పలేదేంరా?”

వాడు కాసేపు ఆలోచించాడు. కోపంగా కాదు, లెక్క చేసేటప్పుడు ఆలోచించినట్టు. “నువ్వు చెబితే నవ్వుతారు. నేను చెబితే ఎవరు నమ్ముతారు?” అన్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా, “రోజూ రేవులో అట్టా నీళ్లు చూస్తా కూర్చునేవోణ్ని. అమ్మ గిన్నెలు సాయంత్రం బస్సుకి పంపాలి కదా అని లేచి వచ్చేసేవోణ్ని,” అన్నాడు.

ఆవిడ తిరిగొచ్చి ఎక్కింది. బస్సు కదిలింది. నేను దిగిపోయాను.

ఆ రోజే హాజరులో లేచి నిలబడ్డాను. ఇరవై మూడు దగ్గర ఖాళీ బెంచీకి కూడా కర్చీఫులు లేచాయి. “సార్, ఆ వాసన వాడిది కాదండీ, నాది. ఆ పులుసు మా ఇంటిది. వాడి క్యారేజీలో గోంగూరండీ,” అన్నాను. తరగతంతా గది పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. మాస్టారు కూడా, “కూర్చోరా, వేషాలాపి,” అన్నారు నవ్వుతూనే. నేను నిజం ఒప్పుకోవడం కూడా నటన అనుకున్నారు. భారీ మనిషి నా వీపు తట్టి, “ఇదే అన్నిటికన్నా బాగుందిరా,” అన్నాడు. తర్వాతి శుక్రవారం నా క్యారేజీ తెచ్చి అందరిముందూ మూత తీశాను. ఇంక నమ్ముతారు, నాకూ ముక్కులు మూసుకుంటారని ఎదురుచూశాను. భారీ మనిషి వంగి చూసి, “కొరమేనా? తోక ముక్క నాకు,” అని చెయ్యి పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. అంతే. నెలన్నర పాటు ఒక మనిషి మీద ఊరేగిన అసహ్యం మూడు నిమిషాల్లో అన్నంలో కలిసిపోయింది. నాకు పులుసు కూడా మిగల్లేదు.

ఇరవై మూడు మళ్లీ రాలేదు. దసరా సెలవుల ముందు వాళ్ల మేనమామ వచ్చి టీసీ తీసుకెళ్లాడు. చల్లపల్లిలో చేర్చారని విన్నాను. ఆ అంకె రిజిస్టరులో కొట్టేసి ఉండేది. మాస్టారు ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు అనేవారు, నేను ఒక అడుగు ముందే పలకాల్సి వచ్చేది. ఏడాదంతా ఆ అడుగులో తడబడ్డాను.

ఈ సోమవారం నేను అంకెలతో పిలవడం మానేశాను. పేర్లతో పిలిచాను. కిటికీ పక్క కుర్రాడి పేరు రాగానే దగ్గులు వచ్చాయి. నేను తిట్టలేదు, కర్ర తీయలేదు, జోకూ వెయ్యలేదు. మళ్లీ అదే పేరు పిలిచాను. మళ్లీ దగ్గారు. మళ్లీ పిలిచాను. ఐదోసారికి ఇద్దరు మానేశారు. ఏడోసారికి దగ్గే చివరివాడికి నిజంగానే గొంతు ఆరిపోయి మంచినీళ్లకి వెళ్తానన్నాడు. ఎనిమిదోసారి గది నిశ్శబ్దంగా ఉంది. కుర్రాడు తల ఎత్తాడు. “ఉన్నానండి,” అన్నాడు. రాసుకున్నాను.

బడికి ఆలస్యంగా వచ్చినవాణ్ని కాసేపు గుమ్మం బయట నిలబెట్టి తర్వాత లోపలికి రమ్మంటాం. ఇరవై మూడు దగ్గరికి నేను ఆలస్యంగా వెళ్లాను. కాలానికి ఆ రెండో సగం తెలిసినట్టు లేదు, నన్నింకా గుమ్మం బయటే ఉంచింది.